అరటిపళ్ళకు వెళ్ళిన అల్లుడు

నవంబరు ఆఖరి వారంలో ఎడ్మంటన్‌లో దిగాం. సాయంత్రం నాలుగున్నర. అప్పటికే చీకటి. బయట మైనస్ పద్దెనిమిది. బలగం: నేను, మా ఆవిడ. సామాను: నాలుగు పెట్టెలు. వాటిలో రెండు పూర్తిగా ఊరగాయలు, పొడులు, అప్పడాలు. వ్యవధి: ఆరు నెలలు.

నేను సైన్యంలో సిగ్నల్స్‌లో చేరి సుబేదారుగా దిగిపోయాను. మొదలుపెట్టింది లైన్ పార్టీలో. అంటే ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు టెలిఫోను తీగ లాగే జట్టు. ఉత్తరాన మంచుకొండల్లో రెండు శీతాకాలాలు గడిపాను. మా విజయనగరంలో పొద్దున్నే నాతోపాటు నడిచేవాళ్ళు ఇప్పటికీ ఆ కొండల గురించే అడుగుతారు. అడిగితే చెబుతాను. కానీ నన్ను వదలని పోస్టింగు అది కాదు. యూనిఫాం విప్పేసిన చాలా ఏళ్ళకు, మంకీ టోపీ పెట్టుకుని, మా అమ్మాయి ఇంట్లో చేసిన డ్యూటీ.

ముందు ప్రదేశం చెబుతాను. ఎడ్మంటన్‌కు ఉత్తరంగా కారులో గంటన్నర. చుట్టూ పొలాలు, అరచేతిలా చదును. కొండ లేదు, గుట్ట లేదు. గాలిని ఆపేవాడు లేడు. మధ్యలో ఒక చెక్క ఇల్లు. ఇంటి ముందు దక్షిణం వైపు వరండా. వరండా నుంచి రోడ్డు మీది గేటు దాకా ఇంచుమించు నాలుగు వందల మీటర్ల బాట. ఆ బాటకు ఒక పక్క ముళ్ళకంచె. ఆ కంచె గేటు దగ్గర మొదలై ఇంటిదాకా రాదు. యాభై, అరవై మీటర్లు ఉందనగా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. పాత యజమానికి కర్రలు అయిపోయాయేమో.

మా అమ్మాయి సుధ డాక్టరు. అక్కడికి ఇరవై ఐదు నిమిషాల దూరంలో చిన్న టౌను, ఆ టౌనులో చిన్న ఆసుపత్రి. అల్లుడు రాజేందర్‌ది వరంగల్. కంప్యూటర్ ఉద్యోగం. అంతకుముందు టొరంటోలో నార్త్ యార్క్‌లో ఇరవయ్యో అంతస్తులో ఉండేవాళ్ళు. అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం వచ్చేసరికి అతనూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేశాడు.

మనిషి మంచివాడు. దాంట్లో పేచీ లేదు. కానీ నా లెక్కలో సివిలియన్లలోకెల్లా సివిలియన్. చేతిగ్లవుల్లో ఎప్పుడూ ఒకటే ఉండేది. చెవుల్లో పాటలు పెట్టుకుని మంచు తోసేవాడు, తోసిన మంచును మళ్ళీ దారిలోనే పోసేవాడు. తాళాలు ఫ్రిజ్‌లో దొరికేవి. మా అమ్మాయికి వారంలో మూడు రోజులు ఆసుపత్రిలోనే తెల్లారేది. ఏదైనా జరిగితే ఇల్లు ఎవరు కాస్తారు? ఇలాంటి చోట అమ్మాయిని ఇతని చేతుల్లో వదిలి నేను విమానం ఎలా ఎక్కాలి? వచ్చిన మొదటి వారం నుంచీ నాకు ఇదే బెంగ. మా ఆవిడతో కూడా అనలేదు.

మా ఆవిడ బెంగ వేరు. దిగిన రోజే వంటింట్లో నిలబడి విచారణ మొదలుపెట్టింది.

"పాలు పొంగించారా?"

అమ్మాయి నా వైపు చూసింది. "గురువారం క్లోజింగ్ అయి ఇల్లు చేతికొచ్చిందమ్మా. శుక్రవారం నుంచి నాకు డ్యూటీ. టైం ఎక్కడుంది?"

"అంటే పాలు పొంగించకుండానే దిగిపోయారేటి ఇంట్లోకి? వ్రతం లేదా? ఒక్క మనిషికి భోజనం పెట్టలేదా?"

"ఇక్కడికి ఎవరొస్తారమ్మా, ఇంత దూరం?"

అంతే. ఆ మాటతో కమాండర్‌కు ఆపరేషన్ దొరికింది. మాఘమాసం రాగానే ఒక శనివారం ఖాయం చేసింది. సత్యనారాయణ వ్రతం. ఎడ్మంటన్ నుంచి నాలుగు కార్లలో పదహారు మంది. పదిన్నరకు పూజ, ఒంటిగంటకు భోజనాలు, మూడింటికి బండ్లు తిరుగుముఖం. మంచు సాయంత్రం ఆరు దాటాక పడుతుందని రేడియోలో చెప్పారు. ప్లాను కాగితం మీద ఎక్కడా తప్పు లేదు. ప్లాన్లన్నీ కాగితం మీద అలాగే ఉంటాయి.

తొమ్మిదింటికల్లా కార్లు వచ్చేశాయి. పంతులుగారు కూడా వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, గట్టి ఒళ్ళు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులో కంప్యూటర్ ముందు, శనాదివారాలు పీటల ముందు. నాకేం వింత అనిపించలేదు. మా యూనిట్‌లో ధర్మగురువు ఉండేవాడు. హారతీ ఇచ్చేవాడు, అవసరమైతే స్ట్రెచర్‌కు ఓ కొస పట్టేవాడు.

మొదటి ఆర్డరు నాకు. గుమ్మం పక్కన బూట్లు విప్పుకునే చిన్న గది ఉంది. పీటలు వేసింది దాని ఎదురుగానే. స్వామి ఎదుట చెప్పులేమిటంది కమాండర్. "ఒక్క జత లోపల కనిపించకూడదు. అన్నీ వరండాలోకి."

అన్నీ వరండాలోకి చేర్చాను. చేర్చడమంటే అలా ఇలా కాదు. మూడు వరసలు. మడమలు గోడకు, ముక్కులు గేటు వైపు. నావి మొదటి వరసలో మొదటి జత. అల్లుడి మంచు బూట్లు కూడా తెచ్చి పెట్టాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే కడుపు నిండిపోయింది. చాలా ఏళ్ళ తరువాత పరేడ్ చూసినట్టుంది.

రెండో ఆర్డరు అల్లుడికి. ముందు రోజు కొన్న రెండు డజన్ల అరటిపళ్ళు తెమ్మంది. అతను తెల్లబోయాడు. అవి కారు డిక్కీలో ఉన్నాయి. రాత్రి మైనస్ ఇరవై ఆరు. తెచ్చి బల్ల మీద పెడితే టక్కుమని చప్పుడైంది. నల్లగా, రాళ్ళలా ఉన్నాయి.

"ఇవేటి బాబూ? ప్రసాదంలో ఇవి కలపమంటారా?"

"టెన్షన్ వద్దు అత్తమ్మా. టౌన్‌ల తాజావి దొరుకుతయ్. గంటల వస్త."

అప్పటికే పీటల మీద కూర్చోవడానికి తయారై ఉన్నాడు. పట్టుపంచె, పైన పల్చటి జాకెట్టు. కాళ్ళకు గ్యారేజీలో తొడుక్కునే రబ్బరు చెప్పులు. పెద్ద కోటు వేసుకోమన్నాను.

"కార్ల హీటర్ ఉంది గద మామయ్యా. ఇట్ల పోయి అట్ల వస్త."

తొమ్మిదీ నలభైకి బయల్దేరాడు. ఆకాశం నీలంగా ఉంది. గాలి లేదు.

పదింబావుకు ఉత్తరం నుంచి గాలి లేచింది. వచ్చీ రావడమే ఇంటిని భుజంతో తోసినట్టు తోసింది. మంచు పైనుంచి పడలేదు, అడ్డంగా వచ్చింది. కిటికీలో ముందు గేటు పోయింది. తరువాత కంచె పోయింది. చూస్తుండగానే వరండా కటకటాలు పోయాయి. గాజు అవతల తెల్లటి గోడ నిలబడింది. నేను కొండల్లో అలాంటిది చూశాను. చదును నేల మీద, పగటిపూట, లోపల కుంకుమ వాసన వస్తుండగా చూడటం అదే మొదలు.

లోపల ఎవరికీ ఇంకా భయం లేదు. ఆడవాళ్ళు పువ్వులు గుచ్చుతున్నారు. పంతులుగారు కలశం సర్దుతున్నారు. అమ్మాయి మాత్రం పట్టుచీర కట్టుకుని కిటికీ దగ్గరే నిలబడింది.

పదీ యాభైకి ఫోను మోగింది. స్పీకర్‌లో పెట్టింది.

"సుధా, పరేషాన్ గాకు. గేటు దాకా వచ్చిన. కారు పక్కన గుంతల వడ్డది. గేటు స్తంభం నా ముందట్నే ఉంది."

"దెబ్బలు తగిలాయా?"

"ఏం లేవు. ఇంజన్ నడుస్తుంది. హీటర్ వస్తుంది. మంచు ఆగినంక వస్త."

అమ్మాయి గొంతు మారిపోయింది. కూతురి గొంతు పోయి డాక్టరు గొంతు వచ్చింది. "కారు వెనక పొగగొట్టం బయటికి కనిపిస్తోందా?"

"ఎనక అంతా మంచుల కూరుకపోయింది."

"ఇంజన్ ఆపెయ్. ఇప్పుడే. ఆ పొగ లోపలికొస్తే వాసన కూడా తెలీదు. నిద్రొచ్చినట్టుంటుంది, అంతే."

ఇంజన్ ఆగిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

"ఒంటి మీద ఏముంది నీకు?"

"పంచె."

ఆ మాటకు ఆ తరువాత రెండు రోజులు నవ్వాం. అప్పుడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

పక్క పొలం వాల్టర్‌కు ఫోను చేశాం. డెబ్బై దాటిన రైతు, పుట్టి పెరిగింది అక్కడే. పక్క పొలం అంటే రెండు కిలోమీటర్లు. ట్రాక్టరు తెస్తానన్నాడు. కానీ డీజిల్ ఇంజను ఆ చలికి గడ్డకట్టి ఉంటుంది, కరెంటు పెట్టి వేడి చేయాలి, రెండు గంటలు పడుతుందన్నాడు. మామూలుగా అయితే కారులోంచి కదలొద్దనే చెబుతానన్నాడు, నడిచినవాళ్ళే దారి తప్పి పోతారట. అమ్మాయి పంచె సంగతి చెప్పింది. అదేమిటన్నాడు. పంచె అంటే ఏమిటో వివరించింది. మళ్ళీ చెప్పమన్నాడు. చివరికి ఒకటే అడిగాడు. ఇంటి నుంచి గేటు దాకా కంచె ఉంది కదా? తీగ మీద చెయ్యి తీయకుండా వెళ్ళగలిగేవాడు ఉన్నాడా?

"రెండు గంటలు ఆగలేడు నాన్నా," అంది అమ్మాయి. "గంట కూడా కష్టం."

"నేను వెళ్తున్నాను."

ఆ మాట అన్నాక బూట్ల కోసం తలుపు తీయబోయాను. రాలేదు. అమ్మాయీ నేనూ కలిసి తోస్తే జానెడు తెరుచుకుంది. గాలి ఇంటి మీదినుంచి దూకి, తెచ్చిన మంచంతా ముందు వరండాలో దించేసింది. నా మూడు వరసల పరేడు నడుములోతు మంచు కింద ఉంది. చేయి పెట్టి రెండు జతలు లాగాను. లోపల మంచు కుంచాల్లో కొలిచినట్టు నిండిపోయి గట్టిపడింది. పందొమ్మిది మంది ఇంట్లో వేసుకోవడానికి ఒక్క బూటు లేదు. ప్రపంచంలో ఇంకే జాతివాళ్ళకైనా ఈ కష్టం వస్తుందా? మైనస్ ఇరవై ఆరులో బూట్లన్నీ బయట, మనుషులందరూ వట్టికాళ్ళతో లోపల. అదీ అటెన్షన్‌లో నిలబెట్టి మరీ.

మార్గం వంటింట్లో దొరికింది. బాస్మతి బియ్యం సంచులు. నేసిన ప్లాస్టిక్, గట్టివి. మూడు జతల ఉన్నిసాక్సు, వాటి మీద సంచి, మోకాలి కింద తాడుతో కట్టు. వాల్టర్ గడ్డిమోపులకు కట్టే నారింజ రంగు పురికొస చిన్న ఉండ ఒకటి అల్లుడికి ఎప్పుడో ఇచ్చాడు. దాన్ని ఎందుకు దాచాడో తెలియదు గానీ దాచాడు.

"నేనూ వస్తానండీ," అన్నారు పంతులుగారు. పంచె పైకి ఎగగట్టి, ఎవరిదో మందపాటి పంట్లాము తొడుక్కుంటున్నారు. "బరువైన మనిషిని తేవాల్సి వస్తే ఇద్దరు కావాలి కదా."

మా ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీకు అరవై నాలుగు. గుర్తుందా?"

"గుర్తుంది."

"నేనొద్దంటే ఆగుతారా?"

"ఆగను."

"అయితే ఇది పెట్టుకోండి." మంకీ టోపీ నెత్తిన దించి, మెడ దగ్గర బొత్తాం తనే పెట్టింది. నాకు భయం వేసింది. అబద్ధం ఎందుకు?

ఇక లైను. వరండా స్తంభం నుంచి కంచె ఆగిపోయిన కర్ర దాకా అడ్డంగా ఖాళీ జాగా. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. బేస్‌మెంటులో బట్టలారేసే ప్లాస్టిక్ తాడు చుట్ట ఉంది. దాన్ని తీశాను.

"అది వద్దండీ," అంది ఆవిడ. "మొన్న బయట కడితే చలికి పుల్లలాగ విరిగిపోయింది."

"జీవితమంతా లైన్లు లాగినవాణ్ణి. నాకు చెబుతావా?" అన్నాను. పురికొస చాలదు మరి, మమ్మల్ని ఒకరికొకరిని కట్టుకోవడానికే సరిపోయింది. తాడు ఒక కొస ఆవిడ చేతిలో పెట్టాను. "స్తంభానికి కట్టి పట్టుకో. బిగువుగా ఉందంటే మేం బాగున్నట్టు." రెండో కొస నా నడుముకు.

గుమ్మం ముందు మంచు తోడుకుని పదకొండూ పదికి బయటపడ్డాం.

గాలి వీపు మీద ఉంది, తోసుకుంటూ పోయింది. చేయి చాపితే చేతివేళ్ళు కనిపించవు. ఇంటి మూల, కంచె దిక్కు మనసులో పెట్టుకుని నేరుగా నడిచాను. మోకాలికి కర్ర తగిలింది. తాడు విప్పి ఆ కర్రకు కట్టాను. లైన్ పార్టీ ముడి. ఆ ముడి నేను చచ్చినా ఊడదు. అక్కడి నుంచి ముళ్ళతీగే మాకు తోడు. గ్లవు మీద ముళ్ళు గుచ్చుకుంటుంటే ప్రాణానికి హాయిగా ఉంది. శ్వాస మంకీ టోపీ మీద గడ్డకట్టి గరగరలాడింది. కనురెప్పలు అంటుకుపోతే చేత్తో విడదీసుకోవలసి వచ్చింది.

వెనక నుంచి పంతులుగారు ఏదో చదువుతున్నారు. ఆగకుండా, ఒకే స్వరంలో.

"ఏ మంత్రమండీ అది?" అని అరిచాను.

"మంత్రం కాదండీ. మా ఆవిడ పేరు. ఆవిడకు చెప్పకుండా ఈ మంచులోకి వచ్చేశాను."

ఆ తుఫానులో, ఆ గడ్డకట్టిన నోటితో, పకపకా నవ్వాను. నోరంతా మంచు నిండింది. పాపం, ఆవిడ ఎడ్మంటన్‌లో ఇంట్లో కాఫీ తాగుతూ ఉండి ఉంటుంది.

తీగ అయిపోయింది. గేటు స్తంభం. స్తంభం పక్కన తెల్లటి దిబ్బ. తడిమితే అద్దం తగిలింది. పిడికిలితో కొట్టాను. లోపల నుంచి రెండు దెబ్బలు. కారు ఒక పక్కకు ఒరిగి ఉంది, తలుపు పైకి ఎత్తాల్సి వచ్చింది.

అల్లుడు ముడుచుకుని కూర్చున్నాడు. పెదవులు నీలం. పళ్ళు టకటకలాడుతున్నాయి. నన్ను చూసి నవ్వాడు. రెండు చేతులూ పొట్ట మీద అడ్డంగా పెట్టుకుని ఉన్నాడు. తెచ్చిన పంట్లాము, సాక్సు, సంచులు ఇద్దరం కలిసి తొడిగాం. పెద్ద కోటు తొడగడానికి చేతులు తీయమంటే తీయడు.

"జర పైలం మామయ్యా. పండ్లున్నయ్."

జాకెట్టు జిప్పు కొద్దిగా దించి చూపించాడు. లోపల, బనియను మీద, రెండు డజన్ల అరటిపళ్ళు. ఒంటి వేడి వాటికి ఇచ్చి కూర్చున్నాడు. "మళ్ళ నల్లగైతే అత్తమ్మ ఊకుంటదా?"

నేను ఎందరో జవాన్లతో పనిచేశాను. ప్రాణం మీదికి వచ్చినా అప్పగించిన సామాను వదలనివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో ఒకడు పంచె కట్టుకుని కారులో ఇలా కూర్చుని ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ పిల్లవాడి మీద నాకు అప్పుడు, అక్కడ ప్రేమ పుట్టింది. పెళ్ళయిన నాలుగేళ్ళకు. కోటు అతనికి పైనుంచి కప్పి, పళ్ళతో సహా బొత్తాలు పెట్టాను.

తిరుగుముఖం పట్టాం. ముందు నేను, మధ్యలో అతను, వెనక పంతులుగారు, ముగ్గురినీ కలిపి నారింజ పురికొస. ఇప్పుడు గాలి ముఖానికి ఎదురు. ఊపిరి కోసం పక్కకు తిరగాలి, మళ్ళీ అడుగు వేయాలి. సగం దారిలో అల్లుడి కాళ్ళు తడబడ్డాయి. పంతులుగారు వెనక నుంచి నడుం పట్టుకుని తోశారు. "నడవండి నడవండి, పీటల మీద కూర్చోవాల్సింది మీరే" అంటున్నారు.

కంచె చివరి కర్రకు చేరాం. నా ముడి కోసం తడిమాను. ముడి ఉంది. ముడి తరువాత జానెడు తాడు ఉంది. ఆ తరువాత ఏమీ లేదు. పుల్లలాగే విరిగింది. ముడి నిలబడింది, తాడు నిలబడలేదు. కమాండర్ చెప్పింది అక్షరాలా జరిగింది.

ఇల్లు యాభై, అరవై మీటర్లు. ఏ వైపో తెలుసు. తెలుసు అనుకోవడం వేరు, తెలియడం వేరు. కొద్దిగా పక్కకు పోతే ఇల్లు దాటి పొలంలో పడతాం. ఆ పొలానికి అంతు లేదు. కర్ర పట్టుకుని ఆగాను. ఆగమని ఇద్దరికీ సైగ చేశాను. అప్పుడు గమనించాను. అల్లుడి పళ్ళ చప్పుడు ఆగిపోయింది. చలితో వణికే మనిషికి వణుకు ఆగిందంటే మంచిది కాదు, కొండల్లో అది మాకు నేర్పిన మొదటి పాఠం.

"బాబూ!"

"నిద్రొస్తుంది మామయ్యా."

ఇక నిలబడటానికి లేదు, కదలడానికీ లేదు. నా వయసులో నాకు దేవుడు గుర్తుకొచ్చాడంటే తప్పేముంది?

అప్పుడు వినిపించింది. ముందు గాలే అనుకున్నాను. గాలికి తాళం ఉండదు కదా. ఠంగ్, ఠంగ్, ఠంగ్. దాని వెనక గణగణమని గంట. దాని వెనక పదిమంది గొంతులు కలిపి "గోవిందా" అని కేక. గాలి ఇంటి వైపు నుంచే వస్తోంది. చప్పుడును తెచ్చి మా చెవుల్లో పోసింది.

కర్ర వదిలేశాను. చప్పుడు కుడిచెవిలో ఎక్కువైతే కుడికి, ఎడమచెవిలో ఎక్కువైతే ఎడమకు, తగ్గితే ఆగి, మళ్ళీ విని, మళ్ళీ అడుగు. అల్లుడిని ఇద్దరం చెరో రెక్క పట్టుకున్నాం. నా కాలి సంచి ఒకటి ఊడి ఎటో పోయింది. చూసుకోలేదు. మోకాలి చిప్పకు ఠపీమని ఏదో తగిలింది. వరండా మెట్టు. అంత సంతోషంగా నేనెప్పుడూ దెబ్బ తినలేదు.

లోపలికి వచ్చాక తెలిసింది. తాడు చేతిలో తేలికయ్యేసరికి మా ఆవిడకు అర్థమైపోయిందట. ఏడవలేదట, అరవలేదట. "కంచాలు తియ్యండి, గరిటెలు తియ్యండి, అందరూ వరండాలోకి రండి" అని ఒకటే ఆర్డరు. బూట్లు లేవన్నవాళ్ళకు దుప్పట్లు చుట్టి నిలబెట్టిందట. పూజగంట కూడా పట్టుకుపోయారు.

అక్కడి నుంచి డాక్టరు చార్జి తీసుకుంది. తడిబట్టలు తీయించింది, దుప్పట్లు కప్పించింది, తియ్యటి టీ తాగించింది. పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, కాళ్ళు రుద్దనివ్వలేదు. గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టించింది. తెల్లగా ఉన్న వేళ్ళు మెల్లగా ఎర్రబడ్డాయి. అల్లుడు ఒక్కసారి గావుకేక పెట్టాడు.

"అరువు, బాగా అరువు," అంది అమ్మాయి. నవ్వుతోంది, ఏడుస్తోంది. "నొప్పి తెలుస్తోందంటే వేళ్ళు బతికే ఉన్నాయి."

అతను దుప్పటి కింద నుంచి ఒక్కొక్క అరటి అత్తం తీసి మా ఆవిడ చేతికిచ్చాడు. పసుపు పచ్చగా ఉన్నాయి. ఆవిడ పళ్ళు పక్కన పెట్టి, అతని ముఖం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. గదిలో అందరికీ వినిపించాయి. తరువాత ముఖం గంభీరంగా పెట్టి అడిగింది.

"మరి తమలపాకులేవి బాబూ?"

అతను నీళ్ళలోంచి కాళ్ళు తీసి లేవబోయాడు. అప్పుడు నవ్వాం. పదీ యాభై నుంచి బిగబట్టిన నవ్వంతా అప్పుడు వచ్చింది. పంతులుగారు గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు కొంచెం తగ్గాక ఎవరో "పంచె" అన్నారు. మళ్ళీ మొదలు.

ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది. "ముహూర్తం దంపతులు పీటల మీద కూర్చున్నప్పుడే మొదలవుతుందండీ," అన్నారు పంతులుగారు. మధ్యాహ్నం రెండున్నరకు కూర్చున్నారు. పాలు పొంగాయి. అల్లుడి కాళ్ళకు నావి నాలుగు జతల సాక్సు. వ్రతకథలో ఒక అమ్మాయి, మొగుడు వచ్చాడని విని, ప్రసాదం తినకుండా పరిగెడుతుంది, అతను పడవతో సహా మునిగిపోతాడు. ఆ అధ్యాయం వచ్చేసరికి పదహారు మందీ మా అమ్మాయి వైపు తిరిగారు. అది సిగ్గుపడి, ప్రసాదం గిన్నె దగ్గరికి లాక్కుని, వడ్డించకముందే ఒక ముద్ద నోట్లో వేసుకుంది. పంతులుగారు చూడనట్టు ఊరుకున్నారు.

మూడింటికి ఏ బండీ తిరుగుముఖం పట్టలేదు. రెండు రాత్రులు అందరూ అక్కడే. ఆ సాయంత్రం కరెంటు పోయింది. హాల్లో కట్టెల పొయ్యి ఉంది. దాని చుట్టూ పడకలు, నా బంకర్ రోజుల్లోలాగా. దాని చుట్టూనే తలకిందులుగా బూట్లు, ఈసారి లోపల. తడి తోలు కంపు, అగరుబత్తి వాసన, ఉప్మా వాసన కలిసిపోయాయి. కమాండర్ కిమ్మనలేదు. మా పెట్టెల్లోని ఆవకాయ మొదటి రోజే సగమయింది. కోస్తావాళ్ళు, తెలంగాణావాళ్ళు, కడపవాళ్ళు పప్పులో చింతపండు ఎంత వేయాలన్నదాని మీద కొట్టుకుని, మూడు రకాలూ వండి, మూడూ తినేశారు. ఎవరూ రారన్న ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వాళ్ళను చూస్తూ ఉండిపోయేది. అంత తృప్తిగా ఆవిడను నేను పిల్ల పుట్టినప్పుడు చూశాను.

వాల్టర్ ఆ రోజు మధ్యాహ్నమే ట్రాక్టరుతో గేటు దాకా రాబోయి, దారి కనిపించక వెనక్కి పోయాడు. మనిషి ఇంటికి చేరాడని మేం ఫోనులో చెప్పాం. సోమవారం పొద్దున బాటంతా తోసి, కారును బయటికి లాగి, మెట్ల దగ్గరికి వచ్చాడు. ఆకులో ప్రసాదం పెట్టి ఇచ్చాం. తిన్నాడు, ఇంకొంచెం అడిగాడు. అల్లుడి వైపు తిరిగి పంచె చూపించమన్నాడు. చూసి, వేళ్ళతో గుడ్డ నలిపి, తల ఊపి, ట్రాక్టరు ఎక్కాడు. ఆ ప్రాంతంలో ఆ తరువాత మా అల్లుడిని ఎరగనివాళ్ళు లేరు.

మే నెలలో మా డ్యూటీ పూర్తయింది. మంచు కరిగి పొలాలు నల్లగా బయటపడ్డాయి. విమానాశ్రయంలో అల్లుడు పెట్టెలు దించి, తాళాలు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. నేను కాళ్ళు దగ్గర చేర్చి సెల్యూట్ చేశాను. అతను కంగారుపడి నమస్కారం పెట్టాడు.

"పోస్టు నీకు అప్పగిస్తున్నాను," అన్నాను.

"పైలంగ పొండ్రి మామయ్యా. సుధను నేను జూసుకుంట."

చూసుకుంటాడు. నాకు బెంగ లేదు. విమానంలో హాయిగా నిద్రపోయాను.

విశాఖలో దిగితే ముఖానికి వేడిగాలి కొట్టింది. ఇప్పుడు పొద్దున్నే నడుస్తాను, పెన్షన్ తీసుకుంటాను, మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకుంటాను. కళ్ళు మూస్తే కొండలు రావు. ఆ మెట్టు వస్తుంది. మోకాలికి దెబ్బ తగిలి తలెత్తి చూశాను కదా, అప్పుడు కనిపించింది. వరండా అంచున మా అమ్మాయి. పట్టుచీర మీద మొగుడి పాత జాకెట్టు. జడలో పువ్వుల మీద మంచు. ఒక చేతిలో స్టీలు కంచం, ఇంకో చేతిలో గరిటె. మేము నాలుగడుగుల దూరంలో ఉన్నాం. ఆమెకు తెలియదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి, కొడుతూనే ఉంది.